గుల్లలకి పేర్లు పెట్టిన స్టోలిచ్కా

మన కూకట్‌పల్లిలో మెట్రో పిల్లర్ల కోసం ఎంత లోతు తవ్వినా తగిలేది గ్రానైటే. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి, అందులో గుల్లలుండవు. అమ్మోనైట్ కావాలంటే తమిళనాడులో అరియలూరు వైపు వెళ్ళాలి. ఇప్పుడు సిమెంట్ ఫ్యాక్టరీలకి సున్నపురాయి ఇచ్చే ఆ నేల క్రెటేషియస్ కాలంలో సముద్రం. అమ్మోనైట్ అంటే చక్రంలా చుట్టుకున్న గుల్ల, లోపల ఉండేది ఆక్టోపస్‌కి దూరపు చుట్టం. మన ఇళ్ళల్లో పూజించే సాలగ్రామాల్లో చాలావరకు అమ్మోనైట్లే (అవి నేపాల్‌వి, ఇంకా పాతవి).

అరియలూరు గుల్లల లెక్క తేల్చినవాడు ఫెర్డినాండ్ స్టోలిచ్కా. 1838లో మొరావియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో పుట్టాడు. వియన్నాలో చదివి, 24 ఏళ్ళకే, 1862లో కలకత్తా వచ్చి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరాడు. మన సీనియర్లు ఆన్‌సైట్‌కి అటు వెళ్ళే వయసులో ఈయన ఇటు వచ్చాడన్నమాట!

సర్వే వాళ్ళు దక్షిణాది నుంచి తెచ్చిన శిలాజాల మీద హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ పని మొదలుపెట్టాడు. అమ్మోనైట్ల వంతు స్టోలిచ్కాకి వచ్చింది. ఒక్కో గుల్లనీ తిప్పి చూడాలి. పక్కటెముకల్లాంటి గీతలెన్ని, బుడిపెలున్నాయా, లోపలి గది గోడ గుల్లకి అతుక్కున్న చోట గీత ఎన్ని మెలికలు తిరిగింది. ఆ మెలికల గీత వేలిముద్ర లాంటిది.

అప్పట్లో చుట్టుకున్న గుల్లలన్నిటినీ దాదాపుగా అమ్మోనైటిస్ అనే ఒకే ప్రజాతిలో పడేసేవాళ్ళు. కోడ్ మొత్తం ఒకే ఫైల్లో రాసినట్టు. ఈయనా అలాగే రాశాడు. కానీ బొమ్మలూ వర్ణనలూ ఎంత వివరంగా ఇచ్చాడంటే, 1890లలో ఫ్రాంజ్ కాస్‌మట్ అదే దక్షిణాది సరుకుని మళ్ళీ కొత్త ప్రజాతులుగా విడగొట్టగలిగాడు. నాకు ఈయన గొప్పతనం అక్కడే కనిపిస్తుంది. స్కీమా పాతదే, డేటా మాత్రం శుభ్రం.

అమ్మోనైట్లయ్యాక నత్తలు, ఆల్చిప్పలు. 1873కల్లా నాలుగు సంపుటాలు పూర్తయ్యాయి. ఇక కలకత్తాలో కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. అయినా అదే ఏడు ఫోర్సిత్ బృందంతో యార్కండ్ బయల్దేరాడు. తిరుగుప్రయాణంలో కారకోరం కనుమ దాటాక, 1874 జూన్ 19న, లడఖ్‌లోని ముర్గో దగ్గర ఎత్తు పడక చనిపోయాడు. 36 ఏళ్ళు. సమాధి లేహ్‌లో ఉంది.

మరుసటి ఏడాదే నోయ్‌మాయర్ ఆ ఒకే పెద్ద ప్రజాతిని ముక్కలు చేస్తూ ఒకదానికి స్టోలిచ్కాయియా అని పేరు పెట్టాడు. సుమారు పది కోట్ల ఏళ్ళ కిందటి గుల్ల. ఇప్పుడు దాన్ని లైయెల్లిసెరాటిడే అనే కుటుంబంలో చేర్చారు. ఆ కుటుంబంలో ఇప్పుడు ఎవరూ బతికి లేరు.