స్కౌటు శిబిరానికి బాట వేసిన బేడెన్ పవెల్

మెడలో రుమాలు, భుజాన సంచి, చేతిలో కర్రతో స్కౌటు పిల్లలు శని, ఆదివారాలు ఊరి బయట తోపులోనో, ఏటి గట్టునో గుడారాలు వేసుకుని గడుపుతారు. తామే నీళ్లు మోసుకుని, తామే వండుకుని తింటారు. ఈ పద్ధతిని లోకానికి అందించిన వ్యక్తి రాబర్ట్ బేడెన్ పవెల్. అయితే ఆయన తెరిచిన తలుపు మన దేశపు పిల్లలకు మొదట మూసే ఉంది.

ఆయన 1857 ఫిబ్రవరి 22న లండన్‌లో జన్మించారు. తండ్రి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. మూడేళ్ల వయసులోనే తండ్రి మరణించగా తల్లి హెన్రియెట్టా పిల్లలందరినీ పెంచి పెద్ద చేశారు. బడి పక్కనున్న అడవిలోకి జారుకుని, ఉపాధ్యాయుల కంట పడకుండా దాక్కోవడం, పొగ కనబడకుండా వంట చేసుకోవడం ఆయనకు చిన్ననాటి సరదా.

1876లో 19 ఏళ్ల వయసులో సైన్యంలో చేరి లక్నో వచ్చారు. అడుగుజాడలు పసిగట్టడం, తెలియని చోట దారి కనుక్కోవడం సైనికులకు నేర్పేవారు. ఆ పాఠాలు 1899లో పుస్తకంగా వెలువడ్డాయి. అదే ఏడాది దక్షిణాఫ్రికాలో మాఫెకింగ్ పట్టణాన్ని బోయర్లు ముట్టడించారు. 217 రోజుల పాటు ఆ పట్టణాన్ని కాపాడిన సేనాధిపతి ఆయనే. పెద్దలు కాపలా కాస్తుంటే కుర్రాళ్లు వార్తలు చేరవేసే పని చేశారు. నమ్మి అప్పగిస్తే పిల్లలు ఎంతటి పనైనా చేస్తారని ఆయనకు అక్కడ తెలిసింది. ఇంగ్లండు తిరిగి వచ్చేసరికి, సైనికుల కోసం రాసిన పుస్తకాన్ని అక్కడి బడిపిల్లలు ఆసక్తిగా చదువుతున్నారు.

దాంతో తన ఆలోచనను పరీక్షించి చూడదలిచారు. 1907 ఆగస్టు 1 నుంచి 8 వరకు బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో సుమారు 20 మంది బాలురతో శిబిరం నడిపారు. వారిలో కొందరు సంపన్నుల బడుల్లో చదివేవారు, కొందరు కష్టజీవుల బిడ్డలు. అందరికీ ఒకే రకం గుడారాలు, ఒకే వంట. నాలుగు దళాలుగా చేసి, ప్రతి దళానికీ ఒక కుర్రవాడినే నాయకుడిగా పెట్టారు. ఆఫ్రికా నుంచి తెచ్చిన కొమ్ము బూర ఊది తెల్లవారుజామున లేపేవారు. పగలు ముడులు వేయడం, వంట, జాడలు తీయడం, ప్రాణరక్షణ నేర్పేవారు. రాత్రి నెగడు చుట్టూ కూర్చోబెట్టి కథలు చెప్పేవారు. నేటి స్కౌటు శిబిరాలన్నిటికీ అదే మూలం.

1908లో బాలుర కోసం ఆయన రాసిన స్కౌటింగ్ పుస్తకం వెలువడగానే ఊరూరా దళాలు పుట్టుకొచ్చాయి. 1910లో సైన్యం విడిచి, మిగిలిన జీవితమంతా ఈ ఉద్యమానికే ఇచ్చారు. 1920లో ప్రపంచ ప్రధాన స్కౌటుగా ఆయనను ఎన్నుకున్నారు.

మన దేశంలో స్కౌటింగ్ 1909లో మొదలైంది గాని, అది దొరల పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకు పరిమితం. భారతీయ బాలురకు క్రమశిక్షణ, దళం, నాయకత్వం అలవడితే రేపు తమ మీదికే వస్తారని ప్రభుత్వం శంకించింది. మన వాళ్లు ఊరుకోలేదు. 1917 ప్రాంతంలో అనీబిసెంట్ మద్రాసులో భారతీయ బాలుర కోసం వేరే స్కౌటు సంఘం ప్రారంభించారు. ఉత్తరాదిన మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ మరో సంఘం నెలకొల్పారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే. 1921లో బేడెన్ పవెల్ స్వయంగా భారతదేశం వచ్చినప్పుడు అనీబిసెంట్ సంఘం ఆయన సంఘంలో కలిసింది. మన పిల్లలకూ ఆ తలుపు తెరుచుకుంది.

అంతటితో పేచీ తీరలేదు. 1937లో ఢిల్లీలో జరిగిన జాంబోరీకి ఆయన వచ్చి వెళ్లారు. ఆ తర్వాత భారతీయులను తక్కువ చేసి మాట్లాడారన్న వార్త గుప్పుమంది. నొచ్చుకున్న పలువురు బయటికి వచ్చి 1938లో హిందుస్థాన్ స్కౌటు సంఘం పెట్టుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1950 నవంబరు 7న సంఘాలు ఒక్కటై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. శ్రీకాకుళం జిల్లా అవతరించింది కూడా ఆ ఏడాదే, ఆగస్టు 15న.

బేడెన్ పవెల్ 1941 జనవరి 8న ఆఫ్రికాలోని కెన్యాలో కన్నుమూశారు. ఆయన సమాధి రాతి మీద సున్నా, దాని నడుమ చుక్క ఉంటాయి. స్కౌటు గుర్తులలో దానికి ఇంటికి చేరానని అర్థం.

ఆయనలో లోపాలు లేకపోలేదు. మన పిల్లల హక్కును మన పెద్దలే పోరాడి తెచ్చారు. అయినా ఆయన చూపిన శిబిరం విలువ తగ్గలేదు. మోతుబరి బిడ్డ, కూలి బిడ్డ ఒకే గుడారంలో పడుకుని, ఒకే పంక్తిలో తిని, వంతుల వారీగా అంట్లు తోమే చోటు పల్లెల్లో ఇప్పటికీ అరుదే. రెండు రాత్రులు బిడ్డ ఇల్లు విడిచి ఎలా ఉంటాడని తల్లిదండ్రులు బెంగపడటం సహజం. మాస్టారు తోడుగా ఉన్నప్పుడు ఆ బెంగ దిగమింగి పంపితే, తన పని తాను చేసుకోవడంతో పాటు పక్కవాడికి చేయి అందించడం కూడా నేర్చుకుని వస్తాడు.