వినబడని ప్రశ్నకు ఉరిశిక్ష

అమెరికాలో బోస్టన్‌కి ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉంది సేలం. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లు 1626లో కట్టుకున్న ఊరు. చూడటానికి వెళ్లినవాళ్లను గైడ్లు కాలినడకన వీధులన్నీ తిప్పుతారు. ఆనాటి జడ్జి ఇల్లు, పాత శ్మశానం చూపించి, పక్కనే 1992లో కట్టిన స్మారకం దగ్గర ఆపుతారు. రాతిగోడలోంచి ముందుకొచ్చిన 20 రాతిబల్లలు. ఒక్కోదాని మీద ఒక్కో పేరు, చనిపోయిన తేదీ, చంపిన తీరు చెక్కి ఉంటాయి. వాటిలో ఒకటి రెబెకా నర్స్‌ది.

రెబెకా 1621లో ఇంగ్లండులో పుట్టింది. తల్లిదండ్రులతో సముద్రం దాటి వచ్చి, చెక్కసామాను చేసే ఫ్రాన్సిస్ నర్స్‌ని పెళ్లాడింది. ఎనిమిదిమంది పిల్లలు. పొలం, ఇల్లు సమకూరాయి. భక్తురాలని, మంచి మనిషని ఊళ్లో పేరు. అయితే పొలం గట్ల దగ్గర పొరుగువాళ్లతో తగాదాలూ ఉన్నాయి.

1692 మొదట్లో అక్కడి మతబోధకుడి ఇంట్లో ఆడపిల్లలకు వింత మూర్ఛలు వచ్చాయి. ఎవరో చేతబడి చేశారన్నారు పెద్దలు. మొదట దిక్కులేని ఆడవాళ్ల పేర్లు బయటికొచ్చాయి. మార్చిలో రెబెకా పేరూ వచ్చింది. అప్పటికి ఆవిడకి 71 ఏళ్లు. జబ్బుతో మంచం మీద ఉంది. ఆవిడ ఆత్మ వచ్చి తమని హింసిస్తోందని పిల్లలు చెబితే, కోర్టు దాన్నే సాక్ష్యంగా తీసుకుంది! రెబెకా మంచిదని 39 మంది ఇరుగుపొరుగు సంతకాలు చేసి ఇచ్చారు. ఆ రోజుల్లో అలా సంతకం పెట్టడానికి ఎంత గుండెధైర్యం కావాలో ఆలోచించండి.

జూన్ నెలాఖరున జ్యూరీ ఆవిడ నిర్దోషి అని చెప్పింది. వెంటనే కోర్టులో కేకలు, ఏడుపులు. మరోసారి ఆలోచించుకోమన్నారు జడ్జీలు. తోటి ఖైదీ గురించి అన్న ఓ మాటకి అర్థమేమిటని జ్యూరీ పెద్ద రెబెకాని అడిగాడు. చెముడు, ఆపైన దిగులు. ప్రశ్న వినబడక ఆవిడ మౌనంగా ఉండిపోయింది. ఆ మౌనాన్నే నేరం ఒప్పుకున్నట్లు లెక్కగట్టారు. తర్వాత తనకి వినబడలేదని రాసి ఇచ్చినా ఫలితం లేకపోయింది. గవర్నరు శిక్ష ఆపినట్టే ఆపి, మళ్లీ మాట మార్చాడు. చర్చి వెలివేసింది. జూలై 19న మరో నలుగురు ఆడవాళ్లతో పాటు ఆవిడనీ ఉరితీశారు. సెప్టెంబరులో చెల్లెలు మేరీకీ అదే గతి. మరో చెల్లెలు శారా జైలుపాలైనా ప్రాణాలతో బయటపడింది.

ఆ ఏడాది మొత్తం 19 మందిని ఉరితీస్తే, అందులో 14 మంది ఆడవాళ్లే. ఇంకొకాయన్ని బండరాళ్లతో అణిచి చంపారు. నేరం మోపిన పిల్లల్లో ఒకామె పెద్దయ్యాక, 1706లో, చర్చిలో అందరి ముందూ క్షమాపణ కోరింది. 1711లో ప్రభుత్వం చాలామంది శిక్షలు రద్దుచేసి, కుటుంబాలకు పరిహారం ఇచ్చింది. 1712లో చర్చి వెలిని ఎత్తేసింది. అప్పటికి రెబెకా పోయి ఇరవై ఏళ్లు!

ఆవిడ ఇల్లు ఇప్పటికీ పక్కనున్న డాన్వర్స్‌లో ఉంది. చూడనిస్తారు. చేతబడి, బాణామతి అన్న మాటలు మనకీ కొత్తకాదు. ఆ పేరుతో వేలెత్తి చూపించేది ఎక్కువగా ముసలివాళ్లని, ఒంటరి ఆడవాళ్లనే. అలాంటి మాట చెవిన పడ్డప్పుడు, ఆ 39 మంది సంతకాలు మనకి గుర్తు రావాలి.