విప్పి బిగించినోడిదే ఇంజన్: జీడీ నాయుడు బతుకు

సైకిల్‌కు చిన్న ఇంజన్ బిగించి ఉరికిస్తున్న వీడియోలు ఇప్పుడు ఏ ఫోన్ల చూసినా కనపడుతున్నయి. కొత్తవాడ గల్లీల నుంచి మారుమూల తండాల దాక పోరగాండ్లు అడిగేది ఒక్కటే ముచ్చట: ఏ ఇంజన్ కొనాలె, ఎన్ని సీసీలది కొనాలె? మంచి ప్రశ్నే. కాని జవాబు దుకాణంల దొరకది. నూరేండ్ల కింద ఇదే యావతోని ఇల్లు ఇడిసిన ఒక తెలుగింటి పిలగాని బతుకుల దొరుకుతది.

ఆయన పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. లోకం జీడీ నాయుడు అన్నది. 1893 మార్చి 23న కోయంబత్తూరు పక్కన కలంగల్ అనే ఊర్ల పుట్టిండు. తరాల కిందనే తమిళ గడ్డకు పోయి సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం వాళ్లది. పసితనంలనే తల్లి పోయింది. బడి ఆయనకు పడలే, ఆయన బడికి పడలే. చిన్న తరగతుల కాడ్నే సదువు ఆగింది, పొలం పనికి దిగిండు.

ఒకనాడు ఊరి బాట మీద ఇంగ్లీషు దొర మోటార్‌సైకిల్ కనపడ్డది. అది రడ్జ్ కంపెనీ బండి. ఆ కంపెనీ ముందుగాల సైకిళ్లు చేసేది, 1911 నుంచి మోటార్‌సైకిళ్లు అమ్ముడు మొదలువెట్టింది. అంటే సైకిల్‌కు ఇంజన్ తగిలియ్యాలన్న మీ ఆలోచన కొత్తదేం కాదు, మోటార్‌సైకిల్ పుట్టిందే గట్ల. ఎడ్లు లేకుండ, మనిషి తొక్కకుండ నడిచే బండిని చూసిన నాయుడుకు మల్ల నిద్ర పట్టలే. కోయంబత్తూరు పోయి హోటల్ల సర్వర్‌గ చేరిండు. ఏండ్లు కష్టపడి, రూపాయి రూపాయి కూడబెట్టి, దాదాపు 300 రూపాయలకు ఆ బండే కొన్నడు.

కొన్నంక ఊరంత తిరిగి ఫోజు కొట్టలే. బండిని మొత్తం విప్పిండు. ఏ ముక్క ఏం పని చేస్తదో చూసి మల్ల బిగించిండు. గదే ఆయన కాలేజి. గా తర్వాత మెకానిక్ అయిండు.

ఇంజన్ విప్పినోనికి తెలిసేది ఇది. చిన్న ఇంజన్ నడవాలంటే నాలుగు కావాలె: పెట్రోలు, గాలి, నిప్పురవ్వ, సిలిండర్ల ఒత్తుడు. బండి స్టార్ట్ కాకుంటే ఈ నాలుగింట్ల ఏదో ఒకటి తప్పిందన్నట్టే. ముందుగాల ప్లగ్గు విప్పి చూడు. నల్లగ మసి పట్టిందంటే పెట్రోలో, ఆయిలో ఎక్కువ అవుతున్నట్టు. తెల్లగ మాడిందంటే పెట్రోలు తక్కువై ఇంజన్ వేడెక్కుతున్నట్టు. ఎయిర్ ఫిల్టర్‌ల దుమ్ము పేరుకుంటే ఇంజన్‌కు ఊపిరాడది, మన పొలాల బాటల మీద అది జల్ది నిండుతది. టూ స్ట్రోక్ ఇంజన్ అయితే పెట్రోల్లనే ఆయిల్ కలపాలె. ఎంత కలపాలెనో ఇంజన్‌తోని వచ్చిన పుస్తకంల రాసుంటది, అంతే కలపాలె. ఆయిల్ మరిసి ఒక్కపారి నడిపినా పిస్టన్ పట్టేస్తది. ఫోర్ స్ట్రోక్ అయితే ఆయిల్ వేరే ఉంటది, అది అడుగంటకుండ చూసుకోవాలె.

ఇగ కొనే ముచ్చట. సీసీలు చూసి మురువకుర్రి. పాడైతే రింగులు, క్లచ్చు, కార్బురేటర్ వరంగల్ల దొరుకుతయా లేదా అని ముందు అడుగుర్రి. సైకిల్ బ్రేకులు మనిషి తొక్కే వేగానికి చేసినయి, ఇంజన్ వేగానికి కాదు. అందుకే ఇంజన్ కన్న ముందు బ్రేకు మార్చాలె. చట్టం సుత ఎరుక ఉండాలె. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగు చక్రాల కన్న తక్కువున్న బండికి ఇంజన్ 25 సీసీ దాటకుంటేనే అది మోటారు వాహనం కిందికి రాదు. దాటితే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అన్నీ అడుగుతరు. ఆన్‌లైన్ల అమ్మే కిట్లు ఎక్కువ శాతం దానికన్న పెద్దయే. అమ్మేటోడు ఈ మాట చెప్పడు.

మల్ల నాయుడు కాడికి వద్దాం. నడుమ పత్తి వ్యాపారం చేసిండు, సంపాదించిండు, పోగొట్టుకున్నడు. 1920ల ఒక్క బస్సు పెట్టి పొల్లాచ్చి, పళని నడుమ తనే నడిపిండు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థ అయింది. 1937ల బాలసుందరం నాయుడుతోని కలిసి మన దేశంల తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటార్ చేసిండు. ఇయ్యాల కోయంబత్తూరు అంటే మోటార్లు, పంపులు. మన బోరు బాయిల కాడ ఆ ఊరి పేరు ఎరుకలేని రైతు ఉండడు. గా పేరుకు పునాది వేసినోళ్లల్ల ఈ బడి ఇడిసిన మనిషి ఒకడు.

అయినా ఆయనకు దెబ్బలు తక్కువ తగలలే. 1945ల కోయంబత్తూరుల ఆర్థర్ హోప్ పేరు మీద పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజి పెట్టించిండు, తనే ప్రిన్సిపాల్ అయిండు. నాలుగేండ్ల కోర్సు దండుగ, చేతితోని నేర్పితే రెండేండ్లు సాలని వాదించిండు. సర్కారు ఒప్పుకోలే, కుర్చీ ఇడిసి బయటికొచ్చిండు. 1952ల ఇద్దరు కూసునే పెట్రోలు కారు 2,000 రూపాయల ధరకు తయారుచేసిండు. స్వతంత్రం వచ్చినంక వచ్చిన మన సర్కారే దానికి లైసెన్సు ఇయ్యలే. పేదోని కారు అక్కడ్నే ఆగింది. 1974 జనవరి 4న నాయుడు కన్నుమూసిండు.

ఆయన్ను మాయలోడని పొగిడి ఫొటోకు దండేస్తే మనకొచ్చేదేం లేదు. ఆయనకు మూడు దొరికినయి: సొంత కష్టంతోని కొన్న బండి, విప్పితే సమజయ్యే ఇంజన్, సర్టిఫికెట్ అడుగకుండ చేతి పని చూసి పని ఇచ్చిన ఊరు. ఇయ్యాల మన పిలగాండ్లకు ఈ మూడింట్ల ఏదున్నది? బండి ఈఎంఐల మీద వస్తున్నది. విప్పితే వారంటీ పోతదని భయపెడుతున్నరు. ఐటీఐల చేరినోనికి పానా పట్టే గంటల కన్న నోట్సు రాసే గంటలే ఎక్కువైతున్నయి.

మా కొత్తవాడ జంపఖానాలు నేసే వాడ. ఇక్కడ మగ్గం పాడైతే నేతకాని ఇంట్లనే మరమ్మతు అయితది. పోగు తెగితే అతుకుడు, పలక పోతే మార్చుడు చిన్నప్పటి సంది చూసి నేర్చుకున్న పని. ఆజంజాహి మిల్లు మూతపడ్డా ఆ చేతి తెలివి పోలే. గదే తెలివి ఇంజన్‌కు సుత పనికొస్తది, నేర్పే జాగ ఉంటే.

అందుకే అడగాల్సింది సబ్సిడీ బండ్లు కాదు. మండలానికొక షెడ్డు అడుగుదాం. పాత మోపెడ్ ఇంజన్లు నాలుగు, పానాల పెట్టె ఒకటి, నెల జీతం మీద ఒక ముసలి మెకానిక్. సాయంత్రం పూట ఎవరైనా వచ్చి విప్పొచ్చు, బిగించొచ్చు. దీనికి కోట్లు అక్కరలేదు. రేపు మీ ఊరి గ్రామసభల ఈ ముచ్చట పెట్టుర్రి, తీర్మానం రాయించుర్రి. అప్పటిదాక ఇంజన్ కొనే ముందు ఊర్ల మూలకు పడ్డ పాత బండి ఒకటి తెచ్చుకోర్రి. అది మల్ల మీ చేతుల స్టార్ట్ అయినంక ఏ ఇంజన్ కొనాలెనో మీకే ఎరుకైతది.