మోటారు పందెముల మార్గదర్శి: శ్రీ కరివర్ధన్ గారు

జీవిత చరిత్రములనగానే రాజులును, కవులును, దేశనాయకులును మన బాలురకు జ్ఞప్తికి వత్తురు. మోటారు కారును మిక్కిలి వేగముగా నడపిన యొక వ్యక్తి జీవితమును పాఠశాల సంచికలో వ్రాయుటకు కారణమేమని తల్లిదండ్రులు కొందఱు ప్రశ్నింపవచ్చును. కారణము మన కన్నుల యెదుటనే యున్నది. మోయినాబాదు నుండి చేవెళ్లకు బోవు బాటకు ఇరుప్రక్కల మర్రిచెట్లు వందల కొలది నిలిచి యున్నవి. వాని నీడలోనే కార్లును, బస్సులును, కంకర లారీలును, సైకిళ్లపై బడికి వచ్చు బాలురును కలిసి సాగుచున్నారు. వేగముపై మక్కువ యువకులకు సహజము. ఆ మక్కువను అణచివేయక, దానికి తగిన చోటును, తగిన నియమమును చూపిన యొక మహాశయుని చరిత్రమును మన విద్యార్థులు తెలిసికొనుట మంచిదని మేము తలంచితిమి. ఆయన మన ప్రాంతమువారు కారు. కాని మన భాషను ఇండ్లలో మాటలాడుకొను జనుల నడుమ పుట్టి పెరిగినవారే.

విజయనగర రాజుల కాలము నుండి తెలుగు కుటుంబములు అనేకములు తమిళదేశమునకు బోయి స్థిరపడినవి. కోయంబత్తూరు ప్రాంతమున నల్లరేగడి భూములలో ప్రత్తి పండించుచు, ఇంటిలో తెలుగే మాటలాడుచు వచ్చిన నాయుడు కుటుంబములు వానిలోనివి. వారు క్రమముగా సేద్యము నుండి ప్రత్తి మిల్లులకును, మిల్లుల నుండి యంత్రశాలలకును సాగిరి. శ్రీ జి. కుప్పుస్వామినాయుడు గారు 1910లో లక్ష్మీ మిల్లును స్థాపించిరి. ఒక్క బస్సుతో ప్రారంభించి, పిదప విద్యుత్తు మోటార్ల నిర్మాణములో పేరుగాంచిన శ్రీ జి. డి. నాయుడు గారును ఆ నగరమువారే. ఇట్లు లేతు యంత్రముల చప్పుడును, పోతపోసిన యినుము వాసనయు అచ్చటి బాలురకు చిన్ననాటి నుండియు పరిచితములయ్యెను.

ఆ లక్ష్మీ మిల్లు కుటుంబమునందు 1954లో సుందరం కరివర్ధన్ గారు జన్మించిరి. స్నేహితులును, పందెములు చూడవచ్చు ప్రజలును వారిని ముద్దుగా కరి యని పిలిచెడివారు. కలిగిన యింట బుట్టినవాడు కాలు కదపకయే కాలము గడుపవచ్చును. కరివర్ధన్ గారట్లు చేయలేదు. వారి మనస్సు మోటారు యంత్రములపై లగ్నమయ్యెను. కారును నడపుటతో తృప్తి చెందక, అది యెట్లు నడచునో, ఎందుకు ఆగునో, ఇంకను తేలికగాను దృఢముగాను దానినెట్లు చేయవచ్చునో తెలిసికొనుటకే వారు పూనుకొనిరి.

వారి యౌవనకాలమున మన దేశమునందు దొరకు కార్లు ముఖ్యముగా మూడే: అంబాసిడరు, ఫియటు, స్టాండర్డు. విదేశముల నుండి కారును తెప్పించుట, సుంకముల వలనను, అనుమతుల వలనను, సామాన్యులకు అసాధ్యమై యుండెను. అందుచేత పందెములలో పాల్గొనగోరువారు ఆ కుటుంబపు కార్లనే విప్పి, బరువు తగ్గించి, ఇంజనులను చక్కదిద్ది, పందెమునకు సిద్ధపరచుకొనెడివారు. కరివర్ధన్ గారును ఆ పాఠశాలలోనే చదువుకొనిరి. అంతటితో ఆగక, పందెము కార్లను స్వయముగా రూపొందించి నిర్మించిరి.

ఇచ్చట పందెములను గూర్చి కొంచెము చెప్పవలసి యున్నది. స్ప్రింట్ అనునది స్వల్పదూరపు పందెము. సాధారణముగా ఒక్కొక్క కారును విడివిడిగా వదలి, గడియారముతో కాలమును కొలతురు. పోటీ ప్రక్కవానితో గాక క్షణములతోనే జరుగును. వలయ పందెములో పెక్కు కార్లు కలిసి బయలుదేరి, నియమిత మార్గమున పలుమార్లు తిరుగును. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఈ పందెములకు పాత విమానాశ్రయములు మిక్కిలి యుపకరించెను. ఇంగ్లండులో పేరొందిన సిల్వర్‌స్టోన్ మార్గము పూర్వము యుద్ధ విమానాశ్రయమే. మన దక్షిణదేశమున మద్రాసు చేరువనున్న షోలవరములోని యుద్ధకాలపు రన్‌వే అట్లే పందెముల మైదానమయ్యెను. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు నడపిన ఆ పందెములను చూచుటకు వేలాది జనులు వచ్చెడివారు. కరివర్ధన్ గారు పోటీ చేసి పేరొందినది అచ్చటనే.

వారు వృత్తిచే పందెగాడు కారు. జీవనాధారము పరిశ్రమ, పందెము ప్రీతికొఱకు. ఇట్టి వారిని ఆంగ్లమున అమెచ్యూర్ అందురు. ఆ మాటకు మూలము లాటిను భాషలో ప్రేమించువాడని అర్థమిచ్చు పదము. ప్రేమతో చేయు పనియని దానిని అశ్రద్ధగా చేయరాదు. రాత్రులు మేల్కొని బోల్టులను మరల మరల బిగించి చూచుకొననివాడు, బ్రేకులను పరీక్షింపనివాడు, ఉదయమున గీత యొద్ద నిలువ దగడు. ఈ క్రీడలో జయము చక్రము పట్టినవాని చేతిలో కంటె స్పానరు పట్టినవాని చేతిలోనే ముందుగా పుట్టుచుండును.

అయినను, కేవలము తాము పరుగెత్తి బహుమతులు గెలుచుకొని యుండినచో వారిని గూర్చి మేమిచ్చట వ్రాసి యుండము. వారి గొప్పతనము వేఱొకటి. పందెము ధనికుల సొత్తై యుండుట వారికి సరిపడలేదు. ఎవని కారు ఖరీదైనదో వాడే గెలిచినచో, అది నేర్పునకు పరీక్ష కాదు, తండ్రి సంపదకు పరీక్ష. 1983 డిసెంబరులో మారుతి 800 కారు మన దేశమున వెలువడెను. దాని ఇంజను చిన్నది. మూడు సిలిండర్లు, 796 సి.సి. పరిమాణము. ఖర్చు తక్కువ, విడిభాగములు సులభముగా దొరకును. ఆ ఇంజనును ఆధారముగా గొని కరివర్ధన్ గారు 1980 దశాబ్దపు చివరి భాగమున ఒక్కరు మాత్రమే కూర్చుండదగిన తేలికపాటి పందెము కారును రూపొందించిరి. దానికి ఫార్ములా మారుతి యని పేరు.

ఈ యుపాయములోని మేలు గమనింపుడు. అందఱి కార్లును ఒకే విధమైనవి, ఇంజను ఒకటే. కావున గెలుపును నిర్ణయించునది నడపువాని చూపు, ఓర్పు, మలుపునకు ముందు ఎచ్చట బ్రేకు వేయవలెనో తెలిసిన వివేకము. పరీక్షలో బాలురందఱికిని ఒకే ప్రశ్నాపత్రము నిచ్చుట వంటిది ఈ యేర్పాటు. మదరాసు క్లబ్బువారు శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టైలో నిర్మించిన మార్గము 1990లో తెరవబడగా, ఈ చిన్న కార్లకు ఒక స్థిరమైన రంగస్థలము లభించెను. యువకులెందఱో అచ్చట తొలి పాఠములు నేర్చికొనిరి. వారికి ప్రోత్సాహమిచ్చినవారిలో కరివర్ధన్ గారు ముఖ్యులు.

1995లో విమాన ప్రమాదమున కరివర్ధన్ గారు అకాలమరణము నొందిరి. అప్పటికి వారి వయస్సు నలుబది యేండ్ల ప్రాంతమున నుండెను. నాటిన చెట్టు ఫలించుటను పూర్తిగా చూచు భాగ్యము వారికి లేకపోయెను.

ఆ ఫలము తరువాత వచ్చెను. కోయంబత్తూరు యువకుడు నారాయణ్ కార్తికేయన్ తన తొలి పందెమును శ్రీపెరుంబుదూరున ఫార్ములా మారుతి కారుతోనే నడపి, మొదటి ముగ్గురిలో నిలిచెను. 2005లో ఆయన ఫార్ములా వన్ ప్రపంచ పోటీలలో ప్రవేశించిన తొలి భారతీయుడయ్యెను. ఆ సంవత్సరము జూన్ నెలలో అమెరికాలోని ఇండియానాపొలిస్ పందెమున ఆయనకు నాల్గవ స్థానము లభించెను. అయితే ఆనాటి సంగతి పూర్తిగా చెప్పుట న్యాయము. ఒక కంపెనీ టైర్లు ఆ మార్గపు వేగమునకు నిలువవని తేలగా, ఇరువదింటిలో పదునాలుగు కార్లు పందెమునకు ముందే విరమించుకొనెను; మిగిలిన ఆరు మాత్రమే పరుగెత్తెను. లోకములో నెల్ల వేగముగా కారు నడపగలవారు ప్రాణాపాయమని తెలిసిన క్షణమున, జనులు కేకలు వేయుచున్నను, కార్లను వెనుకకు మరల్చుకొనిరి. దీనిని పిఱికితనమనువాడు పందెము నెఱుగడు.

కోయంబత్తూరు చేరువ చెట్టిపాళెమున నిర్మింపబడిన పందెము మార్గమునకు కరి మోటార్ స్పీడ్‌వే యని కరివర్ధన్ గారి పేరే పెట్టిరి. రాతి విగ్రహము కంటె ఇదియే వారికి తగిన స్మారకమని మా యభిప్రాయము. ఏలయన అచ్చట ఎదురుగా బండి రాదు. గొఱ్ఱెల మంద అడ్డము రాదు. బడి విడిచిన పిల్లలు రోడ్డు దాటరు. నడపువానికి శిరస్త్రాణమును, బిగించిన పట్టీలును ఉండును. అపాయము తోచినచో జెండా నెత్తువారును, మంటల నార్పువారును, వైద్యుడును సిద్ధముగా నుందురు.

మన బాటపై ఇవి యేవియు లేవు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బోవు కారు ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు ముందునకు సాగును. వేగము రెట్టింపైనచో, బ్రేకు వేసిన పిదప కారు ఆగుటకు పట్టు దూరము రెట్టింపు గాదు, నాలుగింతలగును. భౌతికశాస్త్ర పాఠములో ఈ లెక్కను చేసి మార్కులు పొందిన బాలుడు, సెలవు దినమున అన్నగారి కారులోనో మోటారు సైకిలుపైననో దానిని మరచిపోవుట విచారకరము. మర్రిచెట్టు ప్రక్కకు తొలగదు. పదునెనిమిది యేండ్లు నిండని కుమారుని చేతికి తాళపుచెవి నిచ్చు తండ్రి, వానికి ప్రేమను గాక అపాయమునే యిచ్చుచున్నాడు.

మన ప్రభువు చెప్పిన తలాంతుల ఉపమానమును విద్యార్థులందఱు ఎఱుగుదురు. ఒకడు తనకిచ్చిన దానిని భూమిలో పాతిపెట్టెను. కడమవారు దానిని వృద్ధి చేసిరి. దానిని వీధిలో వెదజల్లిన వాడెవడును ఆ కథలో లేడు. కరివర్ధన్ గారు తమకు లభించిన ధనమును, నేర్పును, ధైర్యమును పాతిపెట్టలేదు, వెదజల్లనులేదు. వానిని యంత్రముగా మలచి ఇతరుల బిడ్డల చేతికిచ్చిరి. యంత్రములపై ప్రీతి గల మన బాలబాలికలు మొదట స్పానరు పట్టుట నేర్చుకొందురు గాక. వారిలో నొకరైనను ఒకనాడు తనకంటె పేదవాడైన మఱియొకనికి అట్టి యవకాశమును కల్పించినచో, ఈ నాలుగు పుటలు వ్రాసిన శ్రమ ఫలించినదని మేము సంతోషింతుము.