తుపాకి స్థానంలో కెమెరా: సరస్సు ఒడ్డున రాత్రి అడవిని చిత్రించిన జార్జ్ షైరాస్

వేసవి రాత్రి. ఆకాశంలో చంద్రుడు లేడు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు ఉత్తర భాగంలో, దట్టమైన అడవి నడుమ ఉన్న వైట్‌ఫిష్ అనే చిన్న సరస్సు మీద ఒక పడవ చప్పుడు లేకుండా కదులుతోంది. వెనుక కూర్చున్న వ్యక్తి తెడ్డును నీటిలోంచి పైకి తీయకుండానే పడవను నడుపుతున్నాడు. పడవ ముందు భాగాన ఒక దీపం వెలుగుతోంది. దాని కాంతి ఒడ్డు వెంట సాగుతూ సాగుతూ ఒకచోట ఆగింది. అక్కడ చీకట్లో రెండు కళ్లు మెరిశాయి. లోతులేని నీటిలో నిలబడి కలువ ఆకులు మేస్తున్న జింక తలెత్తి, తన వైపు వస్తున్న ఆ వింత వెలుగును కదలకుండా చూస్తోంది.

ఇలాంటి క్షణంలో అంతకుముందు తరాల వేటగాళ్లు తుపాకి పేల్చేవారు. ఆ రాత్రి కూడా ఒక పేలుడు వినిపించింది. అయితే దానితో పాటు పిడుగు పడినట్టు సరస్సంతా తెల్లగా వెలిగింది. మరుక్షణం అంతా చీకటి. పడవలోని ఇద్దరికీ కాసేపు కళ్లు కనిపించలేదు. నీటిని చిమ్ముకుంటూ జింక అడవిలోకి పరుగెత్తింది. దానికి చిన్న గాయమైనా కాలేదు. దాని రూపం మాత్రం పడవలోని కెమెరాలో ఉన్న గాజు పలక మీద నిలిచిపోయింది.

1890వ దశకపు తొలి సంవత్సరాలలో ఇలాంటి రాత్రులెన్నో ఆ పడవలో గడిపిన వ్యక్తి పేరు జార్జ్ షైరాస్. అడవి జంతువులను రాత్రివేళ వాటి సహజ పరిసరాలలోనే చిత్రించిన తొలి ఛాయాగ్రాహకుడిగా ఆయనను ప్రపంచం గుర్తించింది. వన్యప్రాణి ఛాయాచిత్రకళకు ఆద్యుడిగా ఆయన పేరును తలచుకుంటారు. వృత్తిరీత్యా ఆయన న్యాయవాది. కొంతకాలం ప్రజాప్రతినిధి. అంతకంటే ముందు, చిన్ననాటి నుంచీ, ఆయన వేటగాడు.

మూడు తరాల విడిది

షైరాస్ 1859 జనవరి 1న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని అలెఘెనీ పట్టణంలో జన్మించారు. ఆ పట్టణం ఇప్పుడు పిట్స్‌బర్గ్ నగరంలో భాగం. తాత పేరూ, తండ్రి పేరూ కూడా జార్జ్ షైరాసే. తండ్రి న్యాయశాస్త్రంలో దిట్ట. 1892 నుంచి 1903 వరకు అమెరికా సర్వోన్నత న్యాయస్థానంలో న్యాయమూర్తిగా పనిచేశారు. తాతకూ తండ్రికీ చేపల వేట మీద మక్కువ ఎక్కువ. ఉక్కు కర్మాగారాల పొగతో నిండిన పిట్స్‌బర్గ్‌ను విడిచి వేసవిలో సుపీరియర్ మహాసరస్సు తీరానికి వెళ్లడం ఆ ఇంటి ఆనవాయితీ.

1870లో, 11 ఏళ్ల వయసులో, చిన్న జార్జ్ తొలిసారి సుపీరియర్ తీరాన ఉన్న మార్క్వెట్ పట్టణంలో అడుగుపెట్టాడు. అక్కడికి తూర్పున సుమారు 20 మైళ్ల దూరంలో అడవి మధ్య ఉన్న వైట్‌ఫిష్ సరస్సు ఆ తర్వాత అతని జీవితానికి కేంద్రమైంది. దాని ఒడ్డున కట్టుకున్న విడిదికి ఆయన దశాబ్దాల పాటు తిరిగి తిరిగి వచ్చారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1881లో పట్టా, యేల్‌లో 1883లో న్యాయశాస్త్ర పట్టా అందుకుని, న్యాయవాదిగా స్థిరపడ్డాక కూడా ఆ ఆనవాయితీ ఆగలేదు. 1885లో మార్క్వెట్ పట్టణ ప్రముఖుడు పీటర్ వైట్ కుమార్తె ఫ్రాన్సెస్‌ను వివాహం చేసుకోవడంతో ఆ ప్రాంతంతో అనుబంధం మరింత గట్టిపడింది.

ఆ అడవిలోనే ఆయన వేట నేర్చుకున్నారు. జంతువు జాడ పట్టడం, గాలి వాలు చూసుకోవడం, మాటు వేసి గంటల తరబడి కదలకుండా కూర్చోవడం అక్కడే అలవడ్డాయి. ఆ ప్రాంతపు ఆదివాసులైన ఓజిబ్వే ప్రజల నుంచి వచ్చిన ఒక పద్ధతి కూడా ఆయనకు తెలిసింది. పడవ ముందు భాగంలో నిప్పు వెలిగించి రాత్రివేళ ఒడ్డు వెంట నిశ్శబ్దంగా సాగితే, నీటికి వచ్చిన జింకలు ఆ వెలుగును చూస్తూ నిలబడిపోతాయి. వాటి కళ్ల మెరుపే వేటగాడికి గురి. ఆహారం కోసం ఆదివాసులు అనుసరించిన ఈ పద్ధతి, సరదా కోసం వచ్చిన పట్టణవాసుల చేతిలో పడేసరికి జింకల పాలిట శాపమైంది.

మాటు అదే, ఆయుధం వేరు

ఏడాదికేడాది జంతువుల సంఖ్య తగ్గిపోవడం షైరాస్ కళ్లారా చూశారు. వేటలో తనకు దక్కుతున్న ఆనందం ఎక్కడుందో ఆయన తరచి చూసుకున్నారు. జాడ తీయడంలో ఉంది, ఎదురుచూడడంలో ఉంది, జంతువు కంటపడిన క్షణంలో ఉంది. తుపాకి పేలిన తర్వాత మిగిలేది కళేబరమే. అదే ఓర్పు, అదే నేర్పు కెమెరాతోనూ సాధ్యమైనప్పుడు చంపడం ఎందుకన్న ఆలోచన ఆయనలో క్రమంగా బలపడింది.

1889లో ఆయన పగటి వెలుగులో జంతువులను చిత్రించడం మొదలుపెట్టారు. ఆనాటి కెమెరా బరువైన పెట్టె. ఒక్కో చిత్రానికి ఒక్కో గాజు పలక అమర్చాలి. గురి తప్పితే మరో పలక పెట్టేలోగా జంతువు మాయమవుతుంది. దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూపే కటకాలు అప్పటికి వేటకు పనికివచ్చేంతగా ఎదగలేదు. అందుకే జంతువుకు బాగా చేరువగా వెళ్లవలసి వచ్చేది. వేసవి పగళ్లలో ఆయన ఒడ్డున కొమ్మలతో మాటు కట్టుకుని కూర్చునేవారు. ఈగల బాధ తప్పించుకునేందుకు, నీటి మొక్కలు మేసేందుకు జింకలు ఆ కాలంలోనే సరస్సులోకి దిగుతాయి. నీటి అంచున నిలిచిన జింకలతో పాటు సరస్సునూ, వెనుక నిలిచిన అడవినీ కూడా ఆయన కెమెరా ఒడిసిపట్టింది.

అయితే జంతువులు ఎక్కువగా సంచరించేది చీకటి పడ్డాకే. కాబట్టి పాత వేట పద్ధతినే ఆయన ఛాయాచిత్రాలకు అనువుగా మార్చుకున్నారు. నిప్పుకు బదులు కిరోసిన్ దీపం, తుపాకికి బదులు కెమెరా, తూటాకు బదులు మెగ్నీషియం పొడి. ఆ పొడి అంటుకుంటే రెప్పపాటు కాలం పట్టపగలంత వెలుగు వస్తుంది. అది ప్రమాదకరమైన పనే. పేలుడుకు చేతులు కాలే అవకాశం ఎప్పుడూ ఉండేది. ఈ రాత్రి ప్రయాణాలలో తెడ్డు పట్టింది ఆయన సహాయకుడు జాన్ హామర్. 1893 నాటి ఒక ప్రసిద్ధ చిత్రంలో దీపం, కెమెరాలు అమర్చిన పడవలో ఆ ఇద్దరూ కనిపిస్తారు.

తర్వాత షైరాస్ మరో అడుగు వేశారు. జంతువు నడిచే దారికి అడ్డంగా సన్నని తీగ కట్టారు. లేదా తీగ కొసన ఎర కట్టారు. జంతువు తీగను తాకగానే మెరుపు వెలిగి, కెమెరా దానంతట అదే పనిచేస్తుంది. ఛాయాగ్రాహకుడు అక్కడ ఉండవలసిన అవసరమే లేదు. రకూన్ వంటి నిశాచర జీవులు తమ చిత్రాలను తామే తీసుకున్నట్టయింది. 1902లో కెనడాలోని ఒంటారియో ప్రాంతంలో, లూన్ సరస్సు ఒడ్డున కూర్చుని చీకటిలోంచి సూటిగా చూస్తున్న లింక్స్ అనే అడవిపిల్లి చిత్రం ఆయన కృషికి నేటికీ చిహ్నంగా నిలిచింది.

సరస్సు రాత్రులలో తీసిన చిత్రాలకు 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో బంగారు పతకం లభించింది. 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనలోనూ అవి బహుమతి గెలుచుకున్నాయి.

పక్షి ఏ రాష్ట్రానిది?

1903లో షైరాస్ పెన్సిల్వేనియా నుంచి అమెరికా ప్రతినిధుల సభలో సభ్యుడయ్యారు. రెండేళ్ల పదవీకాలం ముగిశాక మళ్లీ పోటీ చేయలేదు. కానీ ఆ కొద్దికాలంలోనే, 1904 డిసెంబరులో, వలస పక్షులను కేంద్ర ప్రభుత్వ రక్షణ కిందికి తేవాలని కోరుతూ ఒక బిల్లు ప్రవేశపెట్టారు.

అప్పటి చట్టం ప్రకారం అడవి జంతువులు, పక్షులు ఆయా రాష్ట్రాల అధీనంలోనివి. ఒక రాష్ట్రం వేటను నిషేధిస్తే, పొరుగు రాష్ట్రం దాటగానే అదే పక్షి గుంపు తూటాలకు బలయ్యేది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దులో విస్తరించిన పులికాట్ సరస్సుకు శీతాకాలంలో వచ్చే రాజహంసలను చూసినవారికి ఈ చిక్కు సులువుగా అర్థమవుతుంది. ఆ పక్షులకు సరిహద్దు రేఖ తెలియదు. షైరాస్ వాదన సారాంశం కూడా అదే. ఏ రాష్ట్రానికీ చెందని పక్షిని ఏ ఒక్క రాష్ట్రమూ కాపాడలేదు.

నిర్లక్ష్యానికి మూల్యమేమిటో చూపే సాక్ష్యం మిషిగన్‌లోనే ఉంది. 1878లో ఆ రాష్ట్రంలోని పెటోస్కీ వద్ద గూళ్లు కట్టుకున్న ప్రయాణికుల పావురాలను వ్యాపారులు లెక్కకు మించి చంపారు. ఒకప్పుడు ఆకాశాన్ని కప్పేసిన ఆ జాతిలో చివరి పావురం 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతు ప్రదర్శనశాలలో కన్నుమూసింది.

షైరాస్ బిల్లు వెంటనే చట్టం కాలేదు. రాజ్యాంగం అంగీకరించదన్న అభ్యంతరం బలంగా వినిపించింది. ఆయన సభను వీడాక ఇతరులు ఆ ఆలోచనను ముందుకు తీసుకువెళ్లారు. 1913లో చట్టం వచ్చింది. దాన్ని కింది కోర్టులు చెల్లదన్నాయి. 1916లో అమెరికా, కెనడా తరఫున బ్రిటన్‌తో వలస పక్షుల రక్షణకు ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందం ఆధారంగా 1918లో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. 1920లో సర్వోన్నత న్యాయస్థానం దాన్ని సమర్థించింది. ఒక వేటగాడి మనసులో పుట్టిన ఆలోచన దేశ శాసనంగా స్థిరపడటానికి 16 ఏళ్లు పట్టింది.

ఒక సంచిక, రెండు రాజీనామాలు

1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక షైరాస్ చిత్రాలు 74 ప్రచురించింది. సంపాదకుడు గిల్బర్ట్ గ్రోవెనర్ తీసుకున్న సాహసోపేత నిర్ణయమది. అప్పటికి అది భూగోళ శాస్త్రజ్ఞుల కోసం వెలువడే గంభీరమైన పత్రిక. దాన్ని బొమ్మల పుస్తకంగా మార్చేస్తున్నారంటూ పాలకమండలి సభ్యులు ఇద్దరు రాజీనామా చేశారు. పాఠకుల నుంచి మాత్రం అపూర్వ ఆదరణ లభించింది. 1911లో షైరాస్ స్వయంగా ఆ మండలిలో సభ్యుడయ్యారు. నేడు ప్రపంచమంతటా వన్యప్రాణి చిత్రాలకు పేరుగాంచిన ఆ పత్రిక ప్రస్థానం ఆ సంచికతోనే మలుపు తిరిగింది.

ఆ చిత్రాలను చూసిన అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్, ఈ అనుభవాలను గ్రంథస్థం చేయాలని షైరాస్‌ను కోరారు. 1913లో ఒక పరువునష్టం దావా కోసం మార్క్వెట్‌కు వచ్చినప్పుడు రూజ్‌వెల్ట్ బస చేసింది షైరాస్ ఇంట్లోనే. కానీ పుస్తకం పూర్తయ్యేసరికి 1935 వచ్చింది. రూజ్‌వెల్ట్ అప్పటికి 16 ఏళ్ల క్రితమే మరణించారు. రెండు సంపుటాల ఆ గ్రంథం పేరులో కూడా వేట అన్న మాటను షైరాస్ వదులుకోలేదు. తాను చేసినది వేటేనని, ఆయుధం మాత్రమే మారిందని ఆయన నమ్మారు.

ఎల్లోస్టోన్ పరిసరాలలో ఆయన పరిశీలించిన మూస్ అనే భారీ జింక ఉపజాతికి 1914లో శాస్త్రవేత్తలు ఆయన పేరే పెట్టారు.

నల్లమల దాకా

షైరాస్ అనుసరించిన తీగ పద్ధతి తర్వాతి కాలంలో భారతదేశపు అడవుల్లోనూ కనిపించింది. యునైటెడ్ ప్రావిన్సెస్‌లో అటవీ అధికారిగా పనిచేసిన ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ 1920వ దశకంలో, దారికి అడ్డంగా కట్టిన తీగను పులి తాకగానే పనిచేసే కెమెరాతో రాత్రి చిత్రాలు తీశారు. ఆ చిత్రాలు జిమ్ కార్బెట్‌ను కెమెరా వైపు నడిపించాయి. నేడు నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలో పులులను లెక్కించేది కూడా వాటంతట అవే పనిచేసే కెమెరాలతోనే. తీగ స్థానంలో కంటికి కనిపించని కిరణాలు వచ్చాయి. పులి చారలను బట్టి దేన్ని దేనితోనూ పొరబడకుండా గుర్తుపడతారు. జంతువు తానే తన చిత్రం తీసుకునే ఆ సూత్రం మాత్రం మారలేదు.

1928లో షైరాస్ తన దగ్గరున్న సుమారు 2,400 గాజు పలక నెగెటివ్‌లను నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీకి అప్పగించారు. 1942 మార్చి 24న, 83వ ఏట, బాల్యం నుంచి వేసవులు గడిపిన మార్క్వెట్‌లోనే ఆయన తుదిశ్వాస విడిచారు. ఆయన చిత్రించిన జింకలేవీ ఇప్పుడు లేవు. వైట్‌ఫిష్ సరస్సు ఒడ్డున, ఒక వేసవి రాత్రి, అవి తలెత్తి చూసిన ఆ చూపు మాత్రం గాజు పలకల మీద అలాగే ఉంది.