అందరికీ అమ్మ - బీ అమ్మ గారు

అలీ సోదరుల పేరు వినని ముస్లిం ఇల్లు మన జిల్లాల్లో ఉండదు. అయితే వాళ్లను కని పెంచిన తల్లి గురించి ఈ తరం పిల్లలకు తెలిసింది తక్కువ. అందుకే ఈ సంచికలో ఆమె జీవితం నాలుగు మాటల్లో రాస్తున్నాము.

ఆమె అసలు పేరు ఆబాదీ బానో బేగం. పుట్టినిల్లు అమ్రోహా, మెట్టినిల్లు రాంపూర్. చిన్న వయసులోనే భర్త అబ్దుల్ అలీ ఖాన్ గారు పోయారు. అప్పటికి కడగొట్టు కొడుకు ముహమ్మద్ అలీకి రెండేళ్లు. ఐదుగురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. మళ్లీ నికాహ్ చేసుకోమని పెద్దలు చెప్పినా ఆమె ఒప్పుకోలేదు.

ఆమెకు బడి చదువు లేదు. కానీ పిల్లలకు ఇంగ్లీషు చదువు కావాలని పట్టుబట్టారు. ఆస్తి చూసే బంధువులు డబ్బు ఇవ్వమన్నారు. ఇంగ్లీషు చదివితే దీన్ పోతుందని ఆ రోజుల్లో భయం. ఆమె వాదన పెట్టుకోలేదు. ఒంటి మీది నగలు తాకట్టు పెట్టి కొడుకును బరేలీ బడికి పంపారు. తరువాత అలీగఢ్, ఆ పైన 1898లో ముహమ్మద్ అలీకి ఆక్స్‌ఫర్డు. దీన్ మాత్రం ఎక్కడికీ పోలేదు. నమాజు, ఖురాను ఇంట్లో ఆమే నేర్పారు గదా!

1915లో సర్కారు ఇద్దరు కొడుకులనూ నిర్బంధించింది. ముసలితల్లి కూడా వాళ్ల వెంటే ఛింద్వాడా పోయి ఉన్నారు. షరతులకు ఒప్పుకుని సంతకం చేస్తే వదిలేస్తామని కబురు వచ్చింది. కొడుకులు అట్లా లొంగితే గొంతు పిసికే బలం ఈ ముసలి చేతులకు ఇంకా ఉందని ఆమె పరదా చాటునుంచే చెప్పి పంపించారు. 1917లో కలకత్తా ముస్లిం లీగు సభకు కొడుకు అధ్యక్షుడుగా ఎన్నికై కూడా రాలేకపోతే, బురఖాలోనే వచ్చి ఆమె మాట్లాడారు.

1921 సెప్టెంబరు 14న ముహమ్మద్ అలీ గారిని అరెస్టు చేసింది మన వాల్తేరు స్టేషనులోనే. గాంధీజీతో కలిసి మద్రాసు పోతున్నారు. కరాచీలో అన్నదమ్ములకు రెండేళ్ల కఠిన శిక్ష పడింది. డెబ్బై ఏళ్ల తల్లి ఇంట్లో కూర్చుని ఏడవలేదు. ఊరూరా తిరిగి ఖిలాఫత్‌కూ, ఖద్దరుకూ, హిందూ ముస్లిం ఐక్యతకూ చందాలు పోగు చేశారు. పంజాబు సభలో ముసుగు తొలగించి, ఎదుట ఉన్నవాళ్లంతా తన బిడ్డలే, బిడ్డల దగ్గర పరదా ఏమిటన్నారు.

1923 డిసెంబరులో మన కాకినాడ కాంగ్రెసుకు ఆ కడగొట్టు కొడుకే అధ్యక్షుడు. తాకట్టు పెట్టిన నగల ఫలం ఆమె కళ్లారా చూసుకున్నారు. 1924 నవంబరు 13న ఢిల్లీలో కన్ను మూశారు.

మేము ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. ఫీజు దగ్గర, పుస్తకాల దగ్గర వెనకాడి పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, మధ్యలో బడి మానిపించే ఇళ్లు మేము చూస్తూనే ఉన్నాము. ఆ ఇళ్లలో బీ అమ్మ గారి కథ ఒకసారి చదివి వినిపించండి. అంతకంటే మేము అడిగేది లేదు. అల్లాహ్ ఆమెకు జన్నత్‌లో ఉన్నత స్థానం ఇచ్చుగాక! ఆమీన్.