కలియుగ భీముడు కోడి రామమూర్తి

కోడి రామమూర్తి నాయుడుగారు నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టమున జన్మించి, విజయనగరమున పినతండ్రి యింట పెరిగిరి. చిన్ననాటనే సాము, కుస్తీలందు ఆరితేరి, మద్రాసున వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమున వ్యాయామోపాధ్యాయులైరి. పిదప పొట్టి పంతులుగారి తోడ్పాటుతో సర్కసు కంపెనీ నెలకొల్పిరి.

ఊపిరి బిగించి ఉక్కుగొలుసులను తెంచుట, రెండు మోటారు కార్లను కదలకుండ నిలుపుట, రొమ్ముపై ఏనుగును మోయుట వారి ప్రదర్శనలు. ఇవి ఏడాది కొకమారు చేసి విశ్రమించు పనులు కావు. ఆట ఆడిననే టిక్కెట్లు. టిక్కెట్లు అమ్మిననే పనివారికి జీతము, జంతువులకు మేత.

ఆ కాలపు విదేశ యోధుల స్థితియు నిట్టిదే. అమెరికా ముష్టియోధుడు హారీ గ్రెబ్ 1913 మొదలు 1926 వరకు దాదాపు 300 పోటీలలో దిగెను. మన కాలపు మేవెదర్ 1996 నుండి 2017 వరకు ఆడినవి 50 మాత్రమే. నేటివారి ధైర్యము తగ్గలేదు. నాడు ద్వారము కడ వసూలైన పైకమే ఆధారము. నేడు టెలివిజను వలన పేరొందిన యోధునకు ఒక్క పోటీయే కోట్లు తెచ్చును. తలకు గట్టిదెబ్బ తగిలినవానిని వైద్యులు కొన్నాళ్లు బరిలో దిగనీయరు.

నాయుడుగారి కాలమున అట్టి వెసులుబాటు లేదు. దేహమే వారి మూలధనము. ఆర్జించినది దానధర్మములకు ధారాళముగా వెచ్చించిరి. తుదకు కాలికి పుండు లేచి, కాలు తీసివేయవలసి వచ్చెను. 1942లో ఒడిషాలోని బలంగీరున కన్నుమూసిరి.

శ్రీకాకుళమున క్రీడాప్రాంగణము వారి పేర వెలసినది. అందు పరుగులిడు బాలురు వారి బలముతోపాటు, ఆ బలమునకు విశ్రాంతి నీయని కాలమును కూడ తలచుకొనదగును.